డబ్బాలు మార్చుకున్న రోజులు

ఒంట్లో కొలెస్ట్రాల్ ఎక్కువైందని డాక్టరు చెప్పిన రోజున నాకు నలభై ఒక్క ఏళ్లు. మా మామ, అంటే నా భార్య తండ్రి, నలభై రెండో ఏట బస్సు దిగుతూ గుండె పట్టుకుని అక్కడే కూలిపోయాడు. అప్పుడామె తొమ్మిదో తరగతి. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పేస్తున్నాను. ఆ తర్వాత నేను చేసింది ఎంత వెధవ పనో మీకు మొదటి నుంచీ తెలుస్తూ ఉండాలి కదా.

తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ల ముందు మాట. నాచారం పారిశ్రామికవాడలో, నీళ్ల మోటార్లకు విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నేను స్టోర్స్ సూపర్‌వైజర్ని. అడిగినవాళ్లకు బోల్టులూ బేరింగులూ ఇప్పించడం, సంతకం పెట్టించుకోవడం, మిగతా సమయం కుర్చీలో కూర్చోవడం నా ఉద్యోగం. రోజు మొత్తంలో నేను మోసే బరువు నా పొట్ట ఒక్కటే. దాని గురించి నాకు చింత ఉండేది కాదు. ఊరికి వెళ్తే మా వైపు వాళ్లు "పట్నం నీళ్లు మంచిగ పట్టినయి" అని మెచ్చుకునేవారు. నేను నిజమేనని పొంగిపోయేవాణ్ని.

కంపెనీలో ఏడాదికోసారి అందరికీ రక్తపరీక్షలు చేయిస్తారు. ఆ ఏడు నా రిపోర్టులో ఒకచోట ఎర్రగీత గీసి ఇచ్చారు. నేను దాన్ని మడిచి చొక్కా జేబులో దాచుకున్నాను. చొక్కా ఉతికేది నేను కాదన్న సంగతి అప్పుడు తోచలేదు. మర్నాడు సాయంత్రానికి నా భార్య నన్ను ఉప్పల్ చౌరస్తా దగ్గరి డాక్టరు ముందు కూర్చోబెట్టింది.

డాక్టరు మంచివాడు. బెదిరించలేదు. "ఇప్పుడే మాత్రలొద్దు. మూడు నెలలు తిండి మార్చి చూద్దాం" అన్నాడు. వేపుళ్లు బందు. ఒకసారి కాగిన నూనె మళ్లీ పొయ్యెక్కకూడదు. డాల్డా, బేకరీ బిస్కెట్లు, మీగడ పెరుగు, కొవ్వున్న మాంసం పక్కన పెట్టాలి. తెల్లన్నం తగ్గించి జొన్నలు, ఓట్స్, పెసలు, శనగలు, ఆకుకూరలు పెంచాలి. నూనె మనిషికి నెలకు అర లీటరు దాటకూడదు. రోజూ నడవాలి. "ఇంత చేసినా తగ్గకపోతే అప్పుడు మాత్రలు మొదలుపెడదాం."

మాత్ర వేసుకుని వేపుడు తినే ఏర్పాటేమైనా ఉంటుందా అని అడగబోయాను. నా భార్య నా మోచేతిని గట్టిగా పట్టుకుంది. దాంతో నోరు మూసుకున్నాను.

"సార్, తిండితోని తగ్గుతదంటరా? నమ్మకంగ చెప్పుండ్రి" అని అడిగిందామె.

"చానామందికి తగ్గుతదమ్మా. చెప్పినట్టు తింటే."

ఇంటికొచ్చాక ఆమె రెండే మాటలంది. "మా నాయినకు ఎవ్వరు చెప్పలే. నీకు చెప్పిన్రు. ఇంక నీ ఇష్టమేం లేదు."

మర్నాటి నుంచి మా వంటింట్లో కొత్త పాలన మొదలైంది. నూనె సీసా మీద పిల్లల స్కెచ్ పెన్నుతో వారానికొక గీత గీసింది. గీత దాటితే ఆ వారమంతా ఉడకబెట్టిన కూరలే. పొద్దున్నే రాత్రి నానబెట్టిన మెంతులు, తర్వాత ఓట్స్ ఉప్మా. ఓట్స్‌తో ఉప్మా చేయొచ్చన్న ఆలోచన ఎవరిదోగాని వాళ్ల మీద నాకిప్పటికీ కోపమే. రాత్రికి పెసరకట్టు, కాయగూర ముక్కలు, మీగడ తీసిన పాలతో తోడేసిన పెరుగు. మధ్యాహ్నం డబ్బాలోకి జొన్నరొట్టెలు, పాలకూర పప్పు, ఉల్లిగడ్డ ముక్కలు.

పిల్లలిద్దరికీ వేరే కూర చేసేది. తను మాత్రం నేను తినేదే తినేది.

"నీకేం రోగం? నువ్వెందుకు నోరు కట్టుకునుడు?" అన్నాను ఒకరోజు.

"నీ ముంగట కూసొని నేను ఆలుగడ్డ వేపుడు తింటుంటే, నువ్వు సూసుకుంట కూసుంటవా? నీ సంగతి నాకెరుకలేదా?" అంది.

నా సంగతి ఆమెకు బాగా తెలుసు. తెలియనిది మా కంపెనీలో మధ్యాహ్నం ఏం జరుగుతుందన్నదే.

మా స్టోర్స్ వెనక రేకుల షెడ్డు ఉంది. ఒంటిగంటకు అక్కడ పాత అట్టపెట్టెలు పరుచుకుని నలుగురం కూర్చునేవాళ్లం. ఎవరి డబ్బా వాళ్లు తినడం అక్కడ మర్యాద కాదు. డబ్బాలన్నీ మూతలు తీసి మధ్యలో పెట్టాలి. పక్కవాడి కూర వేసుకోకపోతే వాడి ఇల్లాలిని చిన్నబుచ్చినట్టు. జిల్లాకొకరం వచ్చి పడిన ఆ కంపెనీలో మా స్నేహాలన్నీ కూరల మీదుగానే మొదలయ్యాయి.

ఆ నలుగురిలో మెషిన్ షాపు ఫోర్‌మన్ ఒకాయన ఉండేవాడు. గోదావరి జిల్లా మనిషి. నాకంటే ఐదారేళ్లు పెద్ద. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడే నా భార్యను చెల్లెమ్మా అన్నాడు గనక ఆ రోజు నుంచి నేను ఆయనకు బావగారిని, ఆయన నాకు బావ. ఉద్యమం గురించి మా ఇద్దరికీ రోజూ గొడవే. రాష్ట్రం ఎందుకు విడిపోవాలో నేను, ఎందుకు విడిపోకూడదో ఆయన, ముద్ద నోట్లో పెట్టుకుని అరుచుకునేవాళ్లం. ఆ అరుపుల్లోనే నేను ఆయన డబ్బాలోని రొయ్యల వేపుడు ఖాళీ చేసేసేవాణ్ని.

ఆయన ఇల్లాలి చేతివంట గురించి నేను నిష్పక్షపాతంగా మాట్లాడలేను. గుత్తివంకాయ మీద నూనె ఎర్రగా తేలుతూ ఉండేది. కాకరకాయ కరకరలాడేది. గోంగూరలో వేలు పెడితే మణికట్టు దాకా నూనె దిగేది.

జొన్నరొట్టెలు తెచ్చిన మొదటి రోజు నేను డబ్బా మూత తీయడానికే సిగ్గుపడ్డాను. కొలెస్ట్రాల్ సంగతి ఆ ముగ్గురికీ చెప్పలేదు. చెబితే మర్నాటి నుంచి కంపెనీలో అందరూ నన్ను పేషెంటు అని పిలుస్తారు. అందుకని "మా ఊరి తిండి మీద మనసు వడ్డది, చేపిచ్చుకుంటున్న" అని గొప్పగా చెప్పాను.

మా బావ ఒక రొట్టె ముక్క తుంచి పప్పులో అద్దుకుని నమిలాడు. ఇంకొకటి తుంచాడు. "బావగారూ, మీరేమీ అనుకోకపోతే ఇవాళ నేనిది తింటానండి. మీరు నాది కానివ్వండి" అన్నాడు.

నేనేమీ అనుకోలేదు. అనుకునే లోపలే ఆయన డబ్బా నా ఒళ్లో ఉంది.

ఇలా రెండు మూడు రోజులు జరిగేసరికి అదే పద్ధతైపోయింది. ఒంటిగంట కొట్టగానే మాటామంతీ లేకుండా డబ్బాలు చేతులు మారేవి. ఆయనకు రొట్టె అంత నచ్చడమేమిటని నాకు అప్పుడప్పుడూ ఆశ్చర్యం వేసేది. కానీ వేపుడు నోట్లో ఉండగా ఎవరికీ లోతైన ఆలోచనలు రావు. పైగా నా అంతరాత్మకు చెప్పుకోవడానికి నా దగ్గర మంచి మాట ఉండేది: అంత పెద్దమనిషి నోరు తెరిచి అడిగితే కాదనడం మన సంస్కారమేనా? నలుగురిలో ఒకడు పక్కవాడి డబ్బా వద్దంటే ఏం బాగుంటుంది?

సాయంత్రం నా డబ్బా కడిగినంత శుభ్రంగా ఇంటికి చేరేది. నా భార్య మూత తీసి చూసి మురిసిపోయేది. నాకు రొట్టెలు రుచించడం మొదలైందనుకుంది పాపం. "రెండు సాలుతలేవా?" అని మూడో రొట్టె పెట్టడం మొదలుపెట్టింది. మా బావ మూడోదీ తినేవాడు.

ఇక్కడితో ఆగినా నేను కాస్త మర్యాదస్తుణ్నే అయ్యేవాణ్ని. పొద్దున నడక అని చెప్పి బయల్దేరేవాణ్ని. స్టేడియం వైపు పది నిమిషాలు నడిచాక ఒక ఇడ్లీ బండి ఉంటుంది. ఇడ్లీలో నూనె ఉండదు గనక తప్పు లేదని ఆగేవాణ్ని. అక్కడ వడ కూడా వేస్తారు. నాలుగు గంటల టీతో బిస్కెట్లు తినేవాణ్ని, కాకపోతే రెండే. టీ మాత్రం రెండుసార్లు తాగేవాణ్ని.

ఒకసారి రింగ్ రోడ్డు మీద వంటా వార్పు జరిగింది. రోడ్డు మధ్యలో రాళ్లు పేర్చి, గుండిగలు పెట్టి, వండుకుని అక్కడే కూర్చుని తిని నిరసన తెలపడం అప్పట్లో ఉద్యమ పద్ధతి. బగారన్నం, కోడికూర వండారు. నేను రెండు విస్తళ్లు తిన్నాను. రాష్ట్రం కోసం జైలుకు పోయినవాళ్లున్నారు, దెబ్బలు తిన్నవాళ్లున్నారు. నేను కోడికూర తిన్నాను. సాయంత్రం ఇంటికెళ్లేసరికి నా భార్య ఎదురొచ్చి, "పొద్దటి సంది నినాదాలు ఇచ్చుకుంట ఎండల ఉన్నవు, కడుపుల ఏమన్న వడ్డదా?" అంది. ఏమీ పడలేదన్నట్టు ముఖం పెట్టాను. ఆమె అప్పటికప్పుడు పిండి తడిపి మూడు రొట్టెలు కొట్టింది. వాటినీ తిన్నాను. ఆకలిగా ఉన్నట్టు తినడానికి ఎంత కష్టపడ్డానో నాకు తెలుసు.

మూడు నెలలు గడిచాయి. మళ్లీ రక్తం ఇచ్చాం. ఇచ్చాం అని ఎందుకంటున్నానంటే, ఆమె కూడా నాతో వచ్చి, సూది గుచ్చుతున్నప్పుడు తన చెయ్యే చాపినంత పని చేసింది. కొలెస్ట్రాల్ తగ్గలేదు సరికదా, కొంచెం పెరిగింది.

డాక్టరు రిపోర్టు చూసి, నన్ను చూసి, మళ్లీ రిపోర్టు చూశాడు. "ఏం తింటున్నారు?" అన్నాడు. నేను నోరు తెరిచే లోపల నా భార్య చెప్పడం మొదలుపెట్టింది. సోమవారం నుంచి ఆదివారం దాకా ఏ పూట ఏం పెట్టిందో, పోపుకు ఎంత నూనె వేసిందో, పాల మీద మీగడ ఎన్నిసార్లు తీసిందో, పరీక్షలో పద్యం అప్పజెప్పే పిల్లలా ఆగకుండా చెప్పుకుపోయింది. డాక్టరు మధ్యలో ఒక్కచోట కూడా తప్పు పట్టలేకపోయాడు.

"ఇట్ల తింటే తగ్గాలె కదమ్మా" అన్నాడు చివరికి. "కొందరికి ఒంట్లోనే ఉంటది. తిండితోని లొంగది. మాత్రలు మొదలుపెడదాం."

ఆమె ముఖంలో రక్తం లేదు. "తిండితోని లొంగదా?" అంది. ఆ తర్వాత నేను జన్మలో మరిచిపోలేని మాట అడిగింది. "సార్, నా వంటల ఏమన్న తప్పు జరుగుతున్నదా? జొన్నలు మంచియి కావా? పప్పుల ఉప్పు ఎక్కువేస్తున్ననా?"

డాక్టరు గది గోడ మీద గుండె బొమ్మ ఒకటి వేలాడుతోంది. ఎర్ర గొట్టాలు, నీలం గొట్టాలు. వాటి పేర్లన్నీ చదివాను. ఒక్క వాక్యం చెబితే చాలు ఆమె భయం తీరిపోయేది. ఆ వాక్యం నా గొంతు దాకా వచ్చింది కూడా. డాక్టరు ముందు పరువు పోతుందని మింగేశాను. ఇంటికెళ్లాక చెబుదామనుకున్నాను. ఇంటికెళ్లాక పిల్లల ముందు ఎందుకనుకున్నాను.

"ఇంక రెండు నెలలు టైమియ్యుండ్రి సార్. ఇంకింత గట్టిగ చేస్త. గప్పుడు గూడ తగ్గకపోతే మాత్రలు రాయుండ్రి" అని ఆమె బతిమాలింది. డాక్టరు అయిష్టంగానే ఒప్పుకున్నాడు.

గట్టిగా చేయడం అంటే ఏమిటో ఆ రెండు నెలల్లో చూశాను. పోపు పూర్తిగా మాయమైంది. జొన్నలు తనే ఏరి, కడిగి, ఎండబెట్టి, పిండి గిర్నీ దగ్గర నిలబడి పట్టించుకొచ్చేది. శనివారాలు ఒంటిపూట ఉండడం మొదలుపెట్టింది, అదీ నా పేరు మీద. నాతో పాటు అదే తిండి తిని, అందులోనూ సగం మానేసి ఆమె చిక్కిపోయింది. జాకెట్లు వదులయ్యాయి. నా ప్యాంట్లు మాత్రం ఎప్పటిలాగే బిగుతు. ఒక ఆదివారం మధ్యాహ్నం పడుకుని లేచేసరికి ఆమె నా ఛాతీ వంక చూస్తూ కూర్చుని ఉంది. "ఏంది?" అన్నాను. "ఏం లేదు, ఊపిరి తీస్తున్నవా లేదా అని సూస్తున్న" అంది.

ఆ మర్నాడు డబ్బా గట్టిగా పట్టుకుని షెడ్డులోకి వెళ్లాను. "బావా, ఇయ్యాల నాది నేనే తింట" అన్నాను. మా బావ ముఖం వాడిపోయింది. "అలాగేనండి" అని తన డబ్బా మూత తీశాడు. నాటుకోడి ఇగురు. పక్కన ఊరమిరపకాయలు. "మా ఆవిడ మీకోసమేనండి, పొద్దున్నే లేచి చేసింది. బావగారికి ఇష్టమని" అన్నాడు.

నా పట్టుదల ఎంతసేపు నిలిచిందో కచ్చితంగా చెప్పగలను. ఆ మూత కింద పెట్టేంతసేపు.

రెండు నెలల గడువు ఇంకో పది రోజుల్లో ముగుస్తుందనగా, ఒక ఆదివారం సాయంత్రం మా బావ ఉప్పల్‌లో మా ఇంటికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పూతరేకుల పెట్టె, ఇంకో చేతిలో మడిచిన కాగితం. లోపలికొస్తూనే నా భార్యకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆమె కంగారుపడింది. నేనైతే ఆ కాగితం చూడగానే ఏదో అనర్థం జరగబోతోందని కనిపెట్టాను, కానీ ఏం చేయాలో తెలియలేదు.

"చెల్లెమ్మా, నా ప్రాణం నిలబెట్టావమ్మా" అన్నాడు కూర్చుంటూ. "పోయినేడు కంపెనీ పరీక్షల్లో నాకు కొలెస్ట్రాల్ బాగా ఎక్కువొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకైతే అసలు చెప్పలేదు. దానికి వంటంటే ప్రాణం. నీ వేపుళ్లు నాకు పడటం లేదే అని దాని మొహం మీద ఎలా చెప్పనమ్మా? డబ్బా వెనక్కి తెస్తే ఏడుస్తుంది. పారెయ్యడానికి చేతులు రావు. ఏం చెయ్యాలో తోచక నలిగిపోతుంటే, బావగారు జొన్నరొట్టెలు తేవడం మొదలెట్టారు."

నేను గోడ గడియారం వైపు చూశాను. అది కూడా నాకు సాయం చేసేలా లేదు.

"ఐదు నెలలైందమ్మా. రోజూ మధ్యాహ్నం నీ చేతి రొట్టె, నీ పాలకూర పప్పే నా భోజనం. ఆదివారం తప్ప ఒక్కరోజు మానలేదు. మొన్న పరీక్ష చేయించుకుంటే ఇదిగో, తగ్గిపోయింది. చాలా తగ్గింది. డాక్టరు ఏం మందు వాడావయ్యా అన్నాడు." కాగితం ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత నావైపు తిరిగాడు. కళ్లల్లో నీళ్లు. "నీదే కాదమ్మా, ఈయనది ఎంత పెద్ద మనసు! నాకోసం తన ఊరి తిండి వదులుకుని, నూనె తేలే ఆ కూరలన్నీ ఐదు నెలలు నోరెత్తకుండా తిన్నారు. సొంత అన్నదమ్ములు కూడా చెయ్యరమ్మా ఇలాంటి త్యాగం."

నా జీవితంలో నన్ను అంతగా పొగిడినవాళ్లు లేరు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా భార్య ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఇప్పుడు నా రిపోర్టు సంగతి బయటపెట్టేస్తుంది, ఇద్దరి ముందూ నా బతుకు బజారున పడుతుందని నేను సిద్ధమైపోయాను. ఆమె కాగితం మడిచి ఆయన చేతికిచ్చింది.

"మంచిగైంది అన్నా. పైలంగ ఉండు" అంది. టీ పెట్టి ఇచ్చింది. వదినను, పిల్లలను అడిగింది. నా పరువు మీద ఈగ వాలనివ్వలేదు. ఆయన వెళ్లేదాకా ఒక్కసారి కూడా నావైపు చూడలేదు.

ఆయన్ని గేటు దాకా దిగబెట్టి లోపలికొచ్చాను. ఆమె వంటింట్లో పొయ్యి గట్టుకు ఆనుకుని నిలబడి ఉంది. తిట్లకు, ఏడుపుకు, పుట్టింటి ప్రయాణానికి కూడా మనసు గట్టి చేసుకున్నాను.

"మొదటి సంది ఆయనే తింటున్నడా?" అంది.

తల ఊపాను.

"నువ్వు ఒక్కనాడు గూడ తినలే?"

"మధ్యాన్నం తినలే" అన్నాను. "తప్పయింది. నీ వంటల ఏ తప్పు లేదు. అంత నాదే. దవాఖానల్నే చెప్పాల్సింది."

ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. నేను దగ్గరికెళ్లే ధైర్యం చేయలేక అక్కడే నిలబడ్డాను. కొంగు తీసేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. కానీ ఆ ముఖం నేను ఐదు నెలల్లో చూడని ముఖం. ఆమె నవ్వుతోంది.

"అంటే లొంగుతదన్నట్టే గదా" అంది. "ఆయనకు తగ్గిందంటే నీకు గూడ తగ్గుతది. నువ్వు తినలే గాబట్టి తగ్గలే, అంతే గదా? నీ ఒంట్ల లొంగని రోగమేం లేదు గదా?"

నేను చేసిన మోసం ఆమెకు శుభవార్త అయింది. ఐదు నెలలుగా నేను పోతానని భయపడుతూ బతికిన మనిషి, నేను అబద్ధాలకోరునని తెలిసి ఊపిరి పీల్చుకుంది. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ని. ఆ సంతోషాన్ని తట్టుకోలేకపోయాను. వంటింటి గడప మీద కూలబడి పిల్లలు వింటున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

ఆమె పళ్లెంలో జొన్నపిండి పోసి వేణ్నీళ్లు పోసింది. "రేపటి సంది రెండు డబ్బాలు కడత. అన్నది అన్నకు, నీది నీకు" అంది పిండి కలుపుతూ. "ఇప్పుడైతే లేచి నా ముంగట కూసో. నువ్వు నమిలేది నేను సూడాలె."

లేచి కూర్చున్నాను. పెనం మీద నుంచి మొదటి రొట్టె నా కంచంలో పడింది. ఆమె రెండోది పెనం మీద వేయకుండా, నేను మింగేదాకా నా నోటివైపే చూస్తూ ఉంది.